అడవి అంచున గొర్రెచెవులు

పైన్‌క్రీక్, ఎగువ మిచిగన్
1975 ఏప్రిల్ 20

సైమక్కా,

కవరు మీద నా చేతిరాత చూసి కూడా చింపెయ్యకుండా ఇంతవరకు చదివావంటే చాలు, మిగతాది ధైర్యంగా రాస్తాను. డేల్‌ని మట్టిలో పెట్టిన రోజు నుంచి ఈ పదిహేడు నెలల్లో నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. నిన్ను తప్పు పట్టడం లేదు. నీ కొడుకును కాల్చినవాడు నా మొగుడు. నేను రాయకపోయినా ఆ మాట మన మధ్య ఉంటుంది కాబట్టి ముందే రాసేశాను.

నేను అడగబోయేది వింటే నీకు ఒళ్ళు మండుతుందేమో. నాకు మొక్కలు కావాలి. జింకలు తినని మొక్కలు, అదీ తొందరగా పెరిగేవి. ఇరవై ఏళ్ళుగా నర్సరీలో పనిచేస్తున్నావు. నాకు తెలిసినవాళ్ళలో ఈ సంగతి నీకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు.

ఇక్కడ ఇంకా మోకాలి లోతు మంచుంది. ఆ రోజు తరవాత తౌనో వేటకు వెళ్ళలేదు. మా ముసలి కుక్క కూడా పోయింది. ఈ ఇంట్లో తమకు భయం లేదని జింకలకు తెలిసిపోయింది. అడవి దాటి, పెరడు దాటి వంటింటి కిటికీ దాకా వస్తున్నాయి. నిరుడు క్యాబేజీ, చిక్కుడు, అమ్మ నాటిన తులిప్‌లు మొదలంటా మేసేశాయి. ఆ నష్టానికైతే నీకు రాసేదాన్ని కాదు. తౌనో పొద్దున లేచి ఆ కిటికీ దగ్గరే కూర్చుంటాడు. అవి వచ్చి అతని మొహంలోకి చూస్తాయి. అతనూ చూస్తాడు. ఇక ఆ రోజంతా అన్నం నీళ్ళూ ఉండవు. మనిషి సగమైపోయాడు. నవంబరు పదిహేను మళ్ళీ వస్తుంది కదా, వేట మొదలయ్యే రోజు, డేల్ పోయిన రోజు. ఈలోపు అవి ఈ పెరటి దారి మరిచిపోవాలి. అంతే నేను కోరేది.

హెల్వీ

*

డెట్రాయిట్
మే 2

హెల్వీ,

ఉత్తరం అందింది. చింపలేదు.

మొక్కల సంగతి అడిగావు, మొక్కల సంగతే రాస్తాను. జింక అస్సలు ముట్టని మొక్క లోకంలో లేదు. ఆకలి మీదున్నప్పుడు బెరడు కూడా కొరుకుతుంది. వేరే మేత దొరికినన్నాళ్ళు మాత్రం కొన్నిటి జోలికి రాదు. ఘాటు వాసన దానికి పడదు, అందుకే పుదీనా, ఉల్లి వదిలేస్తుంది. విషాన్ని పసిగడుతుంది. నూగు ఆకు నోట్లో పెట్టుకోదు, నాలుక్కి ఉన్ని తగిలినట్టుంటుంది.

మీ వేసవి మూడు నెలలు కూడా ఉండదు. అంతలో ఎత్తుగా లేచి అడ్డం నిలిచేది ఆముదం ఒక్కటే. ఇక్కడ అందం కోసం పెంచుతారు, ఆగస్టుకల్లా మనిషిని దాటిపోతుంది. గింజలు విషం, ముట్టుకుంటే చేతులు కడుక్కో. దాని ముందు, అడవి అంచు వెంట గొర్రెచెవి పెట్టు. పేరుకు తగ్గట్టే గొర్రెపిల్ల చెవిలా తెల్లగా, మెత్తగా ఉంటుంది ఆకు. నేల మీద త్వరగా పాకుతుంది. జింక మొదట దాని మీదే కాలు పెట్టాలి, మూతి పెట్టాలి, వెనక్కి తిరగాలి.

కానీ నవంబరు నాటికి వీటిలో ఏదీ అడ్డం నిలవదు. ఆముదం చచ్చిపోతుంది, మిగతావి మంచు కింద పడిపోతాయి. అది తెలిసే అడుగుతున్నావనుకుంటాను.

ఇంకొకటి. డేల్ సామాను నువ్వు పంపిన పెట్టెలో బూట్లు, టోపీ, ఫ్లాస్కు, గడియారం ఉన్నాయి. నేను అల్లిన చేతి తొడుగులు లేవు. తెల్ల ఉన్నివి, మణికట్టు దగ్గర జడ అల్లిక. వాడు మీ దగ్గరికి బయల్దేరేముందు రోజే పూర్తి చేసి ఇచ్చాను. వెతుకు. అవి నాకు కావాలి.

సైమా

*

పైన్‌క్రీక్
మే 18

అక్కా,

తొడుగుల కోసం ఇల్లంతా వెతికాను. వేట గుడిసెకు కూడా వెళ్ళి మంచాల కింద, పొయ్యి వెనక చూశాను. లేవు. తౌనోను అడిగితే తెలీదని చెప్పి కట్టెలు కొట్టడానికి వెళ్ళిపోయాడు. నాకు ఆ రోజు సంగతులేవీ సరిగ్గా గుర్తులేవు. షరీఫు, అతని పోలీసులు ఎక్కడైనా పారేశారేమో. క్షమించు.

కంచె ఎందుకు వేసుకోలేదని నువ్వు అడగలేదు గానీ చెబుతాను. నిరుడు ఆగస్టులో వేశాం, ఆరడుగుల తీగ కంచె. కంచే చేను మేసిందంటారే, మా కంచె అంతకంటే ఘోరం చేసింది. రెండోవారంలోనే ఒక ఆడజింక దూకబోయి వెనక కాలు తీగలో ఇరికించుకుంది. ఎముక బయటికొచ్చింది. జింక అరవడం నువ్వు విన్నావో లేదో, పసిపిల్లలా ఉంటుంది. తౌనో దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. దాన్ని ఆ బాధ నుంచి తప్పించాలంటే ఒకటే మార్గం, అది అతని వల్ల కాలేదు. చివరికి పక్కింటి ఎస్కోను పిలిచాను. ఎస్కో పని ముగించి వెళ్ళాక తౌనో కంచె మొత్తం తన చేత్తోనే పీకేశాడు.

అక్కా, నువ్వు ఎలా చదువుతావో తెలీదు గానీ దాచకుండా రాస్తాను. పోయిన నవంబరు పదిహేనున, తెల్లవారుతూనే చుట్టూ తుపాకులు మోగుతుంటే, తౌనో తన తుపాకీ ఒళ్ళో పెట్టుకుని షెడ్డులో కూర్చున్నాడు. తూటాలు పక్కన బల్ల మీద వరసగా పెట్టి ఉన్నాయి. నన్ను చూసి, తుడుస్తున్నానన్నాడు. చేతిలో గుడ్డ లేదు. ఆ రోజే తుపాకీ బోల్టు ఊడదీసి దాచాను. అది లేకుండా ఆ తుపాకీ పేలదు. ఎక్కడ దాచానో నీకు కూడా చెప్పను. కానీ ఈ ఊళ్ళో ప్రతి ఇంట్లో తుపాకీ ఉంది. పెరట్లోకి జింక వచ్చిన రోజున అతను ఎటువైపు నడుస్తాడోనని చూస్తూ ఉంటాను. ఎవరికీ చెప్పుకోలేను. చర్చిలో చెబితే ఊరంతా తెలుస్తుంది.

హెల్వీ

*

డెట్రాయిట్
జూన్ 1

హెల్వీ,

నీ ఉత్తరం బల్ల మీద పెట్టి వారం రోజులు దాని చుట్టూ తిరిగాను.

నేను మంచిదాన్నని అబద్ధమాడను. నీ మొగుడు కిటికీ దగ్గర కూర్చుని జింకల్ని చూస్తున్నాడని చదివితే నాకేమనిపించిందో తెలుసా? చూడనీ, అనిపించింది. రోజూ చూడనీ. నాకు ఏ కిటికీలో చూసినా ఏమీ కనబడదు. నా కొడుకు పెట్టుకున్న అలారం ఇప్పటికీ ఉదయం ఐదింటికి మోగుతుంది, నేను ఆపను. ఇరవై రెండేళ్ళవాడు. ఆకలైతే నా ప్లేట్లోంచి తినేవాడు. జింకకూ మనిషికీ తేడా తెలియనివాడికి తుపాకీ ఎందుకు, దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం ఎందుకు?

ఎస్కోను పిలిచావట ఆ జింక కోసం. నా బిడ్డ దగ్గర ఎంతసేపు కూర్చున్నాడు మీ తౌనో?

మొక్కలు గురువారం బస్సులో వేస్తాను. శుక్రవారం సాయంత్రం హౌటన్ డిపోలో తీసుకో. ఆముదం నారు ముప్పై, గొర్రెచెవి నలభై కుండీలు, పుదీనా వేళ్ళు తడిగుడ్డలో చుట్టి పెట్టాను. మొక్కలు ఏ పాపం చేయలేదు కాబట్టి పంపుతున్నాను. పదో తేదీ లోపు ఆరుబయట పెట్టకు, మీ దగ్గర మంచు దెబ్బ తగులుతుంది.

సైమా

*

పైన్‌క్రీక్
జులై 6

అక్కా,

నువ్వు అడిగినదానికి జవాబు చెబుతాను. ఒక గంటా ఇరవై నిమిషాలు. ఎస్కో రోడ్డు దాకా పరిగెత్తి షరీఫును తీసుకొచ్చేదాకా తౌనో డేల్ తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తన కోటు తీసి కప్పాడు. ఆ చలికి అతని చెవి కొస నల్లబడిపోయింది. ఇప్పటికీ అలాగే ఉంది.

ఇక మొక్కల సంగతి. నువ్వు చూస్తే నమ్మవు. ఆముదాలు అప్పుడే నా నడుము దాకా వచ్చాయి, ఆకులు విసనకర్రలంత ఉన్నాయి. గొర్రెచెవులు ఒకదాన్నొకటి తాకుతున్నాయి. నాటేటప్పుడు తౌనో ఆవిరి స్నానం చేసే గదికి కొత్త బెంచీలు కొడుతూ ఇటు చూడలేదు. పోయిన మంగళవారం ఒక మగజింక వచ్చింది. గొర్రెచెవి మీద మూతి పెట్టింది, తుమ్మింది, వెనక్కి పోయింది. నేను వంటింట్లో నిలబడి పిచ్చిదానిలా నవ్వాను. తౌనో ఏమైందని అడిగాడు. చెబితే, "తుమ్మిందా?" అన్నాడు. అంతే. కానీ ఆ పూట రెండు ముక్కలు ఏలకుల రొట్టె తిన్నాడు. తొమ్మిది రోజులుగా ఒక్కటీ కిటికీ దాకా రాలేదు.

నువ్వు నన్ను తిట్టినా ఫరవాలేదు. తిడుతూ రాసినా రాయి.

హెల్వీ

*

డెట్రాయిట్
జులై 20

హెల్వీ,

ఒక గంటా ఇరవై నిమిషాలు. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. వాడు ఒంటరిగా పోయాడనుకుని ఇన్నాళ్ళూ చచ్చాను.

జింక తుమ్మిందని చదివి నాకూ నవ్వొచ్చింది. నవ్వాక చాలాసేపు ఏడ్చాను. నర్సరీలో మొక్కలు పెంచే అద్దాల గదిలో ఎవరూ లేరు, నీళ్ళ పైపు విప్పి ఏడిస్తే ఎవరికీ తెలీదు.

ఆ తొడుగుల గురించి మళ్ళీ మళ్ళీ అడుగుతున్నానని విసుక్కోకు. వాళ్ళ నాన్న పోయాక నేను సూదులు పట్టి అల్లిన మొదటి వస్తువు అదే. ఇక్కడ ఒక రైతు భార్య దగ్గర రంగు వెయ్యని ఉన్ని దొరికింది. మన అమ్మ వడికిన ఉన్ని వాసనే వచ్చింది దానికి. అందుకని రంగు వెయ్యబుద్ధి కాలేదు. డేల్ చేతికి తొడుక్కుని, "అమ్మా, తెల్లవి మాసిపోతాయే, పట్నంలో వేసుకుంటాలే" అన్నాడు. "అడవిలోనే వేసుకోరా, చలి అక్కడే కదా. అక్కడ నిన్నెవరు చూస్తారు?" అన్నాను. ముద్దు పెట్టుకోబోతే తప్పించుకున్నాడు, సిగ్గు వాడికి. అదే నేను వాడితో మాట్లాడిన చివరి మాట. ఎక్కడైనా దొరికితే ఉతక్కుండా పంపు.

సెప్టెంబరు మొదటి మంచుకు ఆముదాలు పడిపోతాయి. గొర్రెచెవులు మాత్రం మంచు కింద కూడా ప్రాణంతో ఉంటాయి. వాటిని బాగా పాకనియ్యి.

అక్క

*

పైన్‌క్రీక్
ఆగస్టు 10

అక్కా,

ఎలా రాయాలో తెలీడం లేదు. నీ గొర్రెచెవులు పోయాయి. జింకలు కాదు, తౌనో.

నీళ్ళు తోడడానికి తెల్లవారుజామున లేచి చూస్తే అడవి అంచున మోకాళ్ళ మీద ఉన్నాడు. పొగమంచులో మొదట గుర్తుపట్టలేదు. నలభై మొక్కలూ పీకేశాడు, వేళ్ళతో సహా. చేతుల నిండా మట్టి. నాకెంత కోపం వచ్చిందంటే, చేతిలో బకెట్టు అతని మీదికి విసిరేశాను. "మా అక్క పంపింది! నీకోసం, నీలాంటివాడి కోసం మా అక్క పంపింది!" అని అరిచాను. ముప్పై ఏళ్ళ కాపురంలో అలా ఎప్పుడూ అరవలేదు. అతను లేచి నిలబడి ఒకటే మాట అన్నాడు. "అడవి అంచున తెల్లది ఉండకూడదు హెల్వీ." తరవాత అన్నీ పోగుచేసి తట్టలో ఎత్తి పెంటకుప్ప మీద పోసి, ఆవిరి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

మతి పోయిందనుకుంటున్నాను. డాక్టరును పిలవాలా? ఆముదాలున్నాయి గానీ వాటి కాళ్ళ సందుల్లోంచి మళ్ళీ వస్తున్నాయి జింకలు. నువ్వు పెంచి పంపినవి కాపాడుకోలేకపోయాను. కోప్పడు.

హెల్వీ

*

పైన్‌క్రీక్
ఆగస్టు 17
[పోస్టు చేయని ఉత్తరం]

అక్కా,

దీన్ని రాసి పొయ్యిలో వేస్తాను. రాయకపోతే గుండె పగిలేలా ఉంది.

గొర్రెచెవులు పోయిన చోట పుదీనా పెడదామని ఇవాళ పార దింపాను. టంగుమంది. కాఫీ డబ్బా. మూత చుట్టూ తారు పూసి ఉంది. తెరిచాను. నీ జడ అల్లిక చూడగానే గుర్తుపట్టాను. ఒకటి తెల్లగానే ఉంది. రెండోది లేదు, అంటే ఉంది గానీ తెల్లగా లేదు.

తౌనో షెడ్డు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. అతనే వచ్చి నేల మీద కూర్చుని చెప్పాడు. డేల్ జింక కోసం కాపు కాయమన్న మొద్దు దగ్గర కూర్చోకుండా వాగు వెంట కిందికి వచ్చేశాడట, చలికి కాబోలు. ఇంకా సరిగ్గా తెల్లవారలేదు. పొదల్లో తెల్లగా ఏదో ఎగిరిందట, ఒకసారి, రెండుసార్లు, బెదిరిన జింక తెల్ల తోక ఎత్తినట్టు. చెయ్యి ఊపాడో, కొమ్మ మీది మంచు దులిపాడో. అంతే.

అక్కా, మన నాన్న నవంబరు నెలలో జేబులో తెల్ల రుమాలు కూడా పెట్టుకోనిచ్చేవాడు కాదు. ముక్కు కారితే మోచేత్తో తుడుచుకోమనేవాడు. ముప్పై ఏళ్ళు పట్నంలో ఉండి నువ్వు మరిచిపోయావు.

షరీఫు వచ్చేలోపే వాటిని వాడి చేతుల నుంచి తీసి తన చొక్కాలో పెట్టుకున్నాడట. "ఎందుకు?" అన్నాను. "కొడుకు పోయాడు. తిట్టుకోడానికి నేనైనా ఉండొద్దూ ఆవిడకి?" అన్నాడు. ఊరంతా అతన్ని గుడ్డివాడన్నారు, తాగి ఉన్నాడన్నారు, లైసెన్సు లాక్కున్నారు, నువ్వు సమాధి దగ్గర మొహాన ఉమ్మావు. నోరెత్తలేదు. నాకు కూడా చెప్పలేదు.

నిన్ను చూస్తే జాలేస్తోంది, నీ మీద కోపం కూడా వస్తోంది. రెండూ నిజమే. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. చించుకోను. మింగలేను, కక్కలేను.

*

పైన్‌క్రీక్
ఆగస్టు 18

అక్కా,

పోయిన ఉత్తరంలో కంగారుగా ఏదో రాశాను, పట్టించుకోకు. గొర్రెచెవులకు తెగులు పట్టిందట, మిగతా వాటికి అంటుకోకుండా తౌనో పీకేశాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడు. ఇక గొర్రెచెవులు పంపకు, పుదీనా చాలు.

తొడుగులు ఇక దొరకవు అక్కా. వాటి మీద ఆశ వదిలెయ్యి. ఎండలు ఎలా ఉన్నాయి అక్కడ?

హెల్వీ

*

డెట్రాయిట్
సెప్టెంబరు 14

హెల్వీ,

గొర్రెచెవికి పట్టే తెగులు ఏదైనా దాన్ని నల్లగా కుళ్ళబెడుతుంది. నలభై కుండీల్లో ఒక్కదాని గురించి కూడా నువ్వలా రాయలేదు. తౌనో అన్న మాట రాశావు, "తెల్లది ఉండకూడదు" అని. నెలరోజులుగా ఆ మాట నాతో పాటే పనికి వస్తోంది, ఇంటికి వస్తోంది.

నిన్న సాయంత్రం నీళ్ళు పెడుతుంటే గాలికి గొర్రెచెవి ఆకులు తిరగబడ్డాయి. తెల్లగా ఒక్కసారి మెరిశాయి. నాన్న గొంతు వినబడింది నాకు, నా వెనకే నిలబడి అన్నట్టు. "రుమాలు ఇంట్లో పెట్టి రండే, చావాలనుందా?"

ఒక్కటే అడుగుతాను. ఆ రోజు వాడి చేతులకు అవి ఉన్నాయా? అవునో కాదో రాయి, చాలు.

సైమా

*

పైన్‌క్రీక్
సెప్టెంబరు 28

అక్కా,

లేవు. వాడి కోటు జేబులో ఉన్నాయి. చేతులకు లేవు. ఒట్టు.

ఇక్కడ ఆముదాలు మంచుకు నల్లబడి ఒక్క రాత్రిలో వాలిపోయాయి.

హెల్వీ

*

డెట్రాయిట్
అక్టోబరు 12

హెల్వీ,

మేలో అవి నీ కంటబడలేదన్నావు. ఇప్పుడు జేబులో ఉన్నాయంటున్నావు. చిన్నప్పుడు జామ్ తిని నాలిక దాచుకునేదానివి, ఇప్పటికీ నీకు అబద్ధమాడటం రాదు.

రెండేళ్ళుగా పొద్దున లేస్తే మొదట చేసే పని నీ మొగుణ్ణి తిట్టడం. ప్రార్థనలాగా. ఇప్పుడు నోరు తెరిస్తే ఆ మాటలు తిరిగి నాకే తగులుతున్నాయి. అడవిలో నిన్నెవరు చూస్తారు అన్నాను నేను. చూడాల్సినవాడు చూశాడు.

పనికి వెళ్ళడం మానేశాను. కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కున్నాను. బయట గోడ తప్ప ఏమీ లేదు, అయినా అక్కడే బాగుంది. అలారం ఐదింటికి మోగుతోంది, ఇవాళ ఆపేశాను. సూదులూ మిగిలిన ఉన్నీ చెత్తలో పడేశాను. నువ్వు నాకు రాయకు. ఏమని రాస్తావు?

సైమా

*

పైన్‌క్రీక్
నవంబరు 7

సైమా వదినకి,

నాకు ఉత్తరాలు రాయడం రాదు. హెల్వీ రోజూ ఏడుస్తోంది, మీ ఉత్తరం నాకు చదివి వినిపించింది. మీరు రాయొద్దన్నది దాన్ని. నన్ను కాదు.

దాని కుట్టు పెట్టెలో ఒక ఉత్తరం దొరికింది. పొయ్యిలో వేస్తానని రాసి వెయ్యలేదు. దీనితోపాటు పంపుతున్నాను. అందులో ఉన్నది నిజమే. కానీ ఒకటి తక్కువ. అది నేను హెల్వీకి కూడా చెప్పలేదు.

మా నాన్న నాకు తుపాకీ ఇచ్చిన రోజు చెప్పాడు. తల చూడు, కొమ్ములు చూడు, తరవాతే వేలు. మీ నాన్నగారూ అదే చెప్పి ఉంటారు. కొమ్ముల్లేని జింకను కొట్టడానికి లైసెన్సు కూడా లేదు. నేను తల చూడలేదు. కొమ్ములు చూడలేదు. తెల్లగా కదిలింది చూసి కాల్చాను. ఆ అడవిలో ఆ రోజు తెల్లవి వెయ్యి ఉన్నాయి. బిర్చి చెట్ల బెరడు తెలుపు, మంచు తెలుపు, వాగు నురగ తెలుపు. మీరు ఉన్ని అల్లారు. మీరు కాల్చలేదు. వేలు నాది. రెండేళ్ళు ఆ తొడుగులు దాచి మీకు సాయం చేస్తున్నాననుకున్నాను. అది కూడా పూర్తి నిజం కాదు వదినా. వాటిని చూసినప్పుడల్లా, తప్పు కొంత వీటిదేలే అనుకోవడానికి నాకు ఒక చోటు ఉండేది. అందుకే కాల్చెయ్యకుండా పాతిపెట్టాను.

వాడు చివర్లో మాట్లాడలేదు. నా వేలు పట్టుకున్నాడు కొంతసేపు. చేతులు వెచ్చగా ఉన్నాయి. మీ తొడుగుల వల్లే. ఇది మీకు చెప్పాల్సింది, దాచాను.

నేను పీకి పారేసిన గొర్రెచెవులు పెంటకుప్ప మీదే వేళ్ళు పట్టాయి. సెప్టెంబరులో చూశాను. పీకినవాడి ఎదురుగానే మళ్ళీ చిగురేశాయి, సిగ్గు లేకుండా. ఒక్కొక్కటీ తీసి అడవి అంచున నాటాను. ముప్పై ఒకటి బతికాయి. పొద్దున్నే వెళ్ళి వాటి ముందు నిలబడుతున్నాను. మొదటి రోజు నిలబడలేకపోయాను. ఇప్పుడు కాఫీ తాగేంతసేపు నిలబడగలను. జింకలు అటునుంచి తిరిగి పోతున్నాయి.

పదిహేనో తేదీ శనివారం. ఆ రోజు మీరు ఆ కుర్చీలో ఒక్కరే కూర్చోకండి. నేను కూర్చుని చూశాను, అది మంచి చోటు కాదు. బస్సు గురువారం సాయంత్రం డెట్రాయిట్‌లో బయల్దేరితే శుక్రవారం వంతెన దాటి ఇక్కడికి చేరుతుంది. హౌటన్ డిపోకి హెల్వీ వస్తుంది. నన్ను చూడలేకపోతే నేను ఆవిరి గదిలో పడుకుంటాను. తొడుగులు ఉతకలేదు. మీకోసం ఉంచాను.

ఇంకొక మాట. మీరు వచ్చాక హెల్వీకి చెప్పొద్దు. తుపాకీ బోల్టు రై రొట్టెల పిండి డబ్బాలో అడుగున దాచింది. నాకు తెలీదనుకుంటోంది. ఏడాదిగా ప్రతివారం ఆ డబ్బా ఎత్తి పిండి తీసిస్తున్నది నేనే, బరువు తెలీదా? చెయ్యి పెట్టలేదు. అక్కడే ఉండనివ్వండి.

తౌనో